ఎడమ గట్టు బాతులు

ఆ ఏడాది చలికాలం క్యాలెండరులో వచ్చింది గానీ ఊళ్ళోకి రాలేదు. స్వెట్టర్లు పెట్టె అడుగునే ఉండిపోయాయి. పొద్దున్నే కుళాయి కింద చెయ్యి పెడితే నీళ్ళు గోరువెచ్చగా తగిలేవి. బస్‌స్టాండు ఎదుట మఫ్లర్లు అమ్మేవాడు వాటినే మడిచి తలకింద పెట్టుకుని మిట్టమధ్యాహ్నం గురక తీసేవాడు. హాయిగా ఉందని ఊరంతా అనుకుంది.

నాకు మాత్రం చేతిలో పని పోయింది. నేను రెడీమేడ్ బట్టల కార్ఖానాలో కాజాలు కుట్టేదాన్ని. చొక్కాలకైతే మిషను కుడుతుంది. దళసరి ఉన్నికోట్లకి చేత్తోనే కుట్టాలి. అలా కుట్టేవాళ్ళం మా కార్ఖానాలో ఇద్దరమే మిగిలాం. ఏటా ఆ మూడు నెలలూ తల ఎత్తే తీరిక ఉండేది కాదు. ఆ ఏడు కోటు కొన్న పాపాన ఎవరూ పోలేదు. "కోట్ల పని వచ్చేదాకా రానక్కర్లేదమ్మా. వస్తే నేనే కబురు చేస్తా," అన్నాడు యజమాని, ఏదో వరం ఇస్తున్నట్టు.

ఇంట్లో కూర్చున్నాకే మా ఇల్లు ఎంత చప్పుడు లేనిదో తెలిసొచ్చింది. అన్నయ్యా నేనూ ఉండేది మేడమీద రెండు గదుల్లో. వదిన పోయినప్పుడు నాలుగు రోజులు తోడుందామని రెండు జతల బట్టలతో వచ్చాను. ఆ నాలుగు రోజులు పదకొండేళ్ళయ్యాయి. మా మధ్య గొడవల్లేవు. మాటలూ లేవు. "గ్యాసు అయిపోవచ్చింది", "రేపు ఫస్టు డ్యూటీ", "తలుపు గడియ వేశావా" ఈ మూడింటితో వారం వెళ్ళిపోయేది. నాకు నలభై ఆరు, ఆయనకి యాభై ఆరు. ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళం, రైల్లో ఒకే పెట్టెలో ఎక్కిన వాళ్ళలాగా.

అన్నయ్య సిటీ బస్సు డ్రైవరు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు. ఇంకో రెండేళ్ళలో రిటైర్మెంటు. ఆయనకి ఉన్నది ఒక్కటే సరదా, పక్షులు. సెలవు రోజున బైనాక్యులర్ మెడలో వేసుకుని మాస్టారి బృందంతో చెరువుకి పోయేవాడు. మాస్టారంటే సైన్సు చెప్పి రిటైరైన పెద్దాయన. డిపోలో అన్నయ్యని 'పిట్టల డ్రైవరు' అనేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఇంటికొచ్చాక ఏం చూశాడో చెప్పేవాడు కాదు, నేనూ అడిగేదాన్ని కాదు.

ఒక శనివారం సాయంత్రం బూట్లు తుడుచుకుంటూ, నా వైపు చూడకుండానే అడిగాడు.

"రేపు నీకేమైనా పనుందా?"

నాకేం పని? అయినా, "ఎందుకు?" అన్నాను, బోలెడు పనులు వాయిదా వేసుకోవాల్సిన మనిషిలా.

"రేపు చెరువు దగ్గర లెక్క. ఏటా ఒకరోజు అన్ని పక్షుల్నీ లెక్కపెడతాం. ఒకళ్ళు చూస్తుంటే ఒకళ్ళు రాయాలి. ఈసారి రాసేవాళ్ళు లేరు. చలి లేదు, పిట్టలు రాలేదు, మనమెందుకులే అని అందరూ మానేశారు."

"నాకు కాకికీ కోకిలకీ తేడా తెలీదు అన్నయ్యా."

"తెలియక్కర్లేదు. నేను చెప్తా, నువ్వు రాయి. నీ అక్షరం బాగుంటుంది కదా."

పదకొండేళ్ళలో నాలో ఏదైనా బాగుంటుందని ఆయన అనడం అదే మొదటిసారి. ఆ రాత్రి పడుకోబోయే ముందు రెండు పెన్సిళ్ళు చెక్కి పెట్టుకున్నాను. బట్టలు ఇస్త్రీ చేసుకున్నాను. చెరువు గట్టుకి ఇస్త్రీ బట్టలెందుకని ఎవరైనా అడిగితే చెప్పడానికి జవాబు లేదు.

*

ఊరికి మంచినీళ్ళిచ్చే చెరువు అది. ఇవతల పొడుగాటి గట్టు, ఎడమ చివర పంపుహౌసు, దాని గోడ కింద తుంగ. మేం వెళ్ళేసరికి మాస్టారూ, ఆయన వెంట మందుల షాపాయనా నిలబడి ఉన్నారు. మొత్తం నలుగురం. మాస్టారు నా చేతిలో పుస్తకం చూసి, "వచ్చావా అమ్మా! మీ అన్నయ్యకి ఓ చెల్లెలుందని ఇన్నాళ్ళూ దాచేశాడు," అన్నారు. వాళ్ళిద్దరూ అవతలి గట్టుకి వెళ్ళారు. మేం ఇవతల నిలబడ్డాం. రెండు గట్ల నుంచీ లెక్కపెట్టి, తర్వాత పోల్చి చూసుకుంటారట.

మంచు లేదు. పొద్దున ఏడింటికే వీపు మీద ఎండ చురుక్కుమంటోంది. నీళ్ళు ఖాళీగా ఉన్నాయి.

"మామూలుగా ఈపాటికి నీళ్ళు కనపడవు," అన్నాడు అన్నయ్య. "అన్నీ బాతులే ఉండేవి. ఎక్కడో మంచు గడ్డకడితే అవి ఇటొస్తాయి. అక్కడా గడ్డకట్టలేదేమో."

"అవి అక్కడే సుఖంగా ఉన్నాయన్నమాట."

"సుఖంగానే ఉంటాయి. నా గోలంతా నాది."

నాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు. ఆ తర్వాత ఆయన నోరు విప్పిన తీరు చూసి నేను ఆశ్చర్యపోయాను. నల్లగా, నుదుటి మీద తెల్లబొట్టులా ఉన్నవి బొల్లికోళ్ళట. రెక్కలు ఆరేసుకుని రాయి మీద నిలబడ్డది నీటికాకి. గుప్పెడంత పిట్ట ఒకటి నీళ్ళ మీద తేలుతూ తేలుతూ ఉన్నట్టుండి మాయమైంది.

"బుడుబుంగ. చూడు, ఎక్కడ లేస్తుందో చెప్పు."

"అదిగో, అక్కడ."

"కాదు."

ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం. అది మేమిద్దరం అనుకున్న చోటు కాకుండా ఇంకెక్కడో లేచింది. "ముప్పై ఏళ్ళుగా ఇది నన్ను ఓడిస్తూనే ఉంది," అన్నాడు అన్నయ్య.

బైనాక్యులర్ నా చేతికిచ్చి చూడ్డం నేర్పాడు. "దీంతో వెతక్కూడదు. ముందు ఉత్త కళ్ళతో చూడాలి. ఎక్కడ కదులుతోందో కనిపెట్టాక అప్పుడు ఇది పెట్టుకోవాలి. లేకపోతే అంతా నీళ్ళే కనిపిస్తాయి." వచ్చే ఆదివారం కూడా వద్దామా అని అడగాలనుకున్నాను. ఆత్రపడుతున్నానని అనుకుంటాడేమోనని ఆగాను.

అప్పుడు కనిపించాయి నాకు. ఎడమ గట్టున, పంపుహౌసు గోడ నీడలో, తుంగకి ఈవల. చాక్లెట్ రంగు తలలు, తెల్లటి మెడలు, సూదుల్లాంటి తోకలు. గుంపుగా కూర్చుని ఉన్నాయి, ఎవరో పేర్చినట్టు. నేను మాట్లాడలేదు. ఆయన లెక్క కుడి నుంచి ఎడమకి వస్తోంది. అక్కడికి రాగానే ఆయన మొహం ఎలా వెలుగుతుందో చూద్దామని కాచుకుని కూర్చున్నాను. ఈలోపల సరదాకి నేనే లెక్కపెట్టాను. ముప్పై నాలుగు.

అన్నయ్య తల ఎడమవైపు తిప్పాడు. కాసేపు చూశాడు. బైనాక్యులర్ ఎత్తలేదు.

"ఎడమ గట్టు... ఏమీ లేవు. సున్నా వెయ్యి."

"అన్నయ్యా, అక్కడ గోడ కింద..."

"తుంగ అది. గాలికి కదుల్తుంది. కొత్తవాళ్ళందరికీ అదే పిట్టలా కనిపిస్తుంది." ఆయన గొంతులో చాలా ముద్దుంది.

ముప్పై ఏళ్ళుగా చూస్తున్న మనిషి. నాకు ఆ రోజే మొదటి రోజు. తుంగకి మెడ ఉంటుందా అని అడగలేకపోయాను. సున్నా వేశాను.

ఇంకాసేపటికి గట్టు మీద పేపర్లు వేసేవాడు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. పంపుహౌసు దగ్గర్నుంచీ తిన్నగా మావైపే వస్తున్నాడు. బెల్లు లేదు. నేను పక్కకి జరిగాను. అన్నయ్య జరగలేదు. అతను ఆఖరి క్షణంలో హ్యాండిల్ వంచితే అది అన్నయ్య మోచేతిని రాసుకుంటూ పోయింది.

"కళ్ళు కనపడట్లేదా పెద్దాయనా!" అని అరిచి వెళ్ళిపోయాడు.

"ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడు వీడు?" అన్నాడు అన్నయ్య, మోచెయ్యి తుడుచుకుంటూ.

నా చేతిలో పెన్సిలు ఆగిపోయింది. వానాకాలం నుంచీ రెండుసార్లు బస్సుకి ఎడమ అద్దం పగిలింది. లారీవాడు రాసుకుపోయాడన్నాడు. ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకుని కమిలితే నేనే మందు రాశాను. ఎడమపక్కన పెట్టిన టీగ్లాసు మూడుసార్లు తన్నేశాడు. వయసు మీద పడుతోందనుకున్నాను. ఒక్కొక్కటీ ఒక్కో రోజు జరిగింది. అన్నీ ఒకచోట పెట్టి చూసుకోలేదు.

ఆయనకి ఎడమపక్కనే నిలబడి ఉన్నాను. పెన్సిలు ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచెయ్యి ఎత్తి, ఆయన చెవి పక్కన వేళ్ళు ఆడించాను.

"నీటికాకి రెండు," అన్నాడు.

చెయ్యి ముందుకి జరిపాను. చెంప దాటింది. కంటి పక్కకి వచ్చింది.

"బూడిదరంగు కొంగ ఒకటి. రాశావా?"

"ఊఁ."

ఇంకా జరిపాను. నా వేళ్ళు ఇంచుమించు ఆయన ముక్కు ముందుకి వచ్చాక ఉలిక్కిపడి తల వెనక్కి లాగాడు.

"ఏంటది?"

"దోమ," అన్నాను.

"చలి లేదు కదా. దోమలకి పండగే," అని మళ్ళీ నీళ్ళ వైపు తిరిగాడు.

*

లెక్క అయ్యాక పంపుహౌసు మెట్ల మీద కూర్చున్నాం. మాస్టారు ఫ్లాస్కులోంచి టీ పోశారు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని వేలుతో చూసుకుంటూ వచ్చారు. ఎక్కడా పెద్ద తేడా లేదు. ఎడమ గట్టు దగ్గర ఆయన వేలు ఆగింది.

"ఇదేంటయ్యా, ఇక్కడ సున్నా వేశారు? ఈ గోడ కింద సూదితోక బాతులు మాకు అవతల్నుంచే కనపడ్డాయి. ముప్పై నాలుగు. ఈ చలికాలానికి ఇవే మనకి దక్కినవి."

అన్నయ్య టీగ్లాసు కింద పెట్టాడు. బాతులు అప్పటికి లేచి వెళ్ళిపోయాయి. తుంగ ముందు నీళ్ళు నున్నగా ఉన్నాయి. ఆయన ఆ నీళ్ళ వైపు చూసి, తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేదు. దొరికిపోయిన మనిషి చూపు కాదు అది. తనకి తెలిసినది నాకూ తెలిసిపోయిందా అని వెతుక్కుంటున్న చూపు.

"మేం అటు చూశాక వచ్చి వాలుంటాయి," అన్నాడు.

మాస్టారు నావైపు తిరిగారు. "అంతేనా అమ్మా?"

"అంతేనండీ," అన్నాను. "మేం చూసినప్పుడు లేవు."

కార్ఖానాలో తప్పు కుట్టు పడితే విప్పి మళ్ళీ కుట్టేదాన్నే గానీ ఎప్పుడూ దాచలేదు. ఆ అబద్ధం నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటూ ఆయనే మొదలుపెట్టాడు.

"దోమ కాదు కదా అది."

"కాదు."

"ఎన్ని ఉన్నాయి? నువ్వు చూశావు కదా."

"ముప్పై నాలుగు. ఎప్పట్నుంచి అన్నయ్యా?"

"సరిగ్గా తెలీదు. రెండేళ్ళై ఉంటుంది. మొదట్లో ఎవరో పక్కనుంచి తెర లాగుతున్నట్టుండేది. తల కాస్త ఎక్కువ తిప్పితే సరిపోయేది. ఇప్పుడు ఎంత తిప్పినా..." అని ఆగాడు.

"ప్రతి ఏడూ మీ డ్రైవర్లకి కంటి పరీక్ష చేస్తారు కదా?"

"చార్టు చదవమంటారు. అడుగున ఉన్న చీమల్లాంటి అక్షరాలతో సహా చదువుతా. చార్టు ఎదురుగానే ఉంటుంది కదమ్మా."

ఆయన దగ్గరగా వచ్చి నిలబడ్డాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. మా నాన్న పోయిన రోజు తర్వాత ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే.

"రెండేళ్ళు ఊరుకో. రెండేళ్ళయ్యాక నేనే దిగిపోతా. ఆ రోడ్డు నాకు కంఠస్థం. ఎక్కడ గుంట ఉందో, ఎక్కడ మలుపుందో కళ్ళు మూసుకుని చెప్తా. అది తప్ప నాకు చేతనైంది ఇంకేం లేదు."

"డాక్టరుకి చూపిద్దాం."

"చూపిస్తే కాగితం మీద రాస్తారు. రాస్తే అయిపోతుంది. నువ్వు నా చెల్లెలివి. నువ్వు కూడా నా మాట కాదంటే ఇంక నేను ఎవరితో చెప్పుకోను?"

ఆ మాటకి నేను కరిగిపోయాను. అబద్ధమెందుకు, నాకు సంతోషం కూడా వేసింది. ఇన్నేళ్ళకి ఆ ఇంట్లో ఇద్దరికీ సంబంధించిన విషయం ఒకటి పుట్టింది. ఆ వారమంతా అన్నయ్య నాతో మాట్లాడాడు. బాతులు ఎక్కడెక్కడి నుంచి వస్తాయో, దారిలో ఎక్కడ ఆగుతాయో చెప్పాడు. నేను అన్నం మానేసి విన్నాను. ఆయన పొద్దున డ్యూటీకి బయల్దేరగానే కిటికీ దగ్గర చేరేదాన్ని. మధ్యాహ్నం అడుగుల చప్పుడు మెట్ల మీద వినపడేదాకా అక్కణ్ణుంచి కదిలేదాన్ని కాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అలా తొమ్మిది రోజులు గడిపాను.

*

పదో రోజు ఆయనకి చెప్పకుండా వెళ్ళి ఆయన బస్సే ఎక్కాను. ముందు తలుపు పక్క సీట్లో కూర్చున్నాను. లోపలి అద్దంలో నన్ను చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. "ఊరికే, బజారుదాకా," అన్నాను.

ఆయన నడుపుతుంటే చూసి ఎన్నేళ్ళయిందో. చేతిలో నీళ్ళగ్లాసు పెట్టుకుని కూర్చున్నా తొణకదు. గుంట రాబోయే ముందే బస్సు నెమ్మదించేది. నిజమే, ఆ రోడ్డు ఆయనకి కంఠస్థమే. అనవసరంగా భయపడ్డానేమో అనుకున్నాను.

ఆ బస్సు కండక్టరుకి 'విజిల్' అని పేరు. విజిల్ నోట్లో పెట్టుకునే పుట్టాడని డిపోలో జోకు. సన్నగా, గాలికి ఎగిరిపోయేలా ఉంటాడు. టికెట్లు కొట్టడం అవగానే లోపల కూర్చోకుండా ముందు తలుపు దగ్గరికొచ్చి, రాడ్డు పట్టుకుని బయటికి వేలాడుతూ నిలబడేవాడు. గాలి కోసమేమో అనుకున్నాను.

బజారు స్టాపు వస్తోంది. ఎడమపక్క ఫుట్‌పాత్ నిండా జనం. ఒకావిడ సంచులు సర్దుకుంటోంది. ఆమె చెయ్యి వదిలించుకున్న పాప, ఐదారేళ్ళుంటాయి, ఊడిపోయిన చెప్పు కోసం రోడ్డు మీదికి దిగి వంగింది. బస్సు స్టాపులోకి ఒరుగుతోంది. నెమ్మదించలేదు.

విజిల్ అరచేత్తో బస్సు రేకుని దబదబా బాదాడు. గట్టిగా రెండు విజిళ్ళు వేశాడు. బస్సు కుదుపుతో ఆగింది. అందరం ముందుకి తూలాం. కిటికీలోంచి తొంగి చూస్తే పాప పాపిడి కనిపించింది, బంపరుకి మూరెడు దూరంలో. చెప్పు వేసుకుని, తల్లి దగ్గరికి పరిగెత్తింది. ఆ తల్లి అటు చూడనే లేదు.

"ఏంట్రా?" అన్నాడు అన్నయ్య.

"ఏం లేదన్నా. దిగేవాళ్ళున్నారు, ముందే ఆపమన్నారు."

అన్నయ్యకి ఆ పాప సంగతి తెలియదు. ఇప్పటికీ తెలియదు.

ఆఖరి స్టాపులో అన్నయ్య టీకి దిగగానే విజిల్ నా పక్క సీట్లో కూలబడ్డాడు. చొక్కా తడిసిపోయి ఉంది.

"నువ్వు ఊరికే ఎక్కలేదు కదక్కా," అన్నాడు.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"మొదటి అద్దం పగిలినప్పట్నుంచి. ఎడమపక్కంతా నేనే చూసుకుంటున్నా. రేకు ఒకసారి కొడితే నెమ్మది, రెండుసార్లు కొడితే ఆపాలి. మేం అనుకోలేదు, అదే అలవాటైపోయింది. నా పెళ్ళికి పెద్దరికం వహించింది అన్నే అక్కా. నేనెలా చెప్తాను?"

"మరి ఇలా ఎన్నాళ్ళు?"

విజిల్ మెడలోని విజిల్ని చొక్కా అంచుతో తుడుస్తూ కూర్చున్నాడు. "ఒకటో తారీఖు నుంచి నన్ను వేరే రూటుకి మారుస్తున్నారు. అన్న బస్సుకి కొత్త కండక్టరు వస్తాడు. నాకు నిద్ర పట్టట్లేదక్కా. నువ్వే ఏదో ఒకటి చెయ్యి."

ఒకటో తారీఖుకి నాలుగు రోజులుంది.

మర్నాడు డిపోకి వెళ్ళాను. మేనేజరు ఒకావిడ. బల్ల మీద రెండు ఫోన్లు ఒకేసారి మోగుతుంటే ఒకటి ఎత్తి, ఒకటి పక్కన పడేసి, నన్ను కూర్చోమంది. నేను నిలబడే చెప్పాను.

"మా అన్నయ్యకి కంటి పరీక్ష చేయించండి. చార్టు పరీక్ష కాదు. పక్కచూపు పరీక్ష."

ఆవిడ ఫోను కింద పెట్టింది. "మీరొచ్చినట్టు ఆయనకి తెలుసా?"

"తెలీదు."

"మీ పేరు బయటికి రాకుండా చూస్తాను. మామూలు తనిఖీ అని చెప్తాం."

నేను ఎంత పిరికిదాన్నంటే, "సరేనండీ," అన్నాను.

*

ఆ తర్వాత రెండో రోజు అన్నయ్య పొద్దున పదకొండింటికే ఇంటికొచ్చాడు. టిఫిను డబ్బా మూత తీసి చూడలేదు. యూనిఫాం చొక్కా విప్పి, జేబులోంచి పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు. కుర్చీలో కూర్చున్నాడు.

"పక్కచూపు పరీక్ష చేసి దింపేశారు," అన్నాడు.

నేను నీళ్ళిచ్చాను. తాగలేదు.

"విజిల్ గాడే చెప్పాడు. డిపోలో వాడికి తప్ప ఎవరికీ తెలీదు. అందరి ముందూ కాలరు పట్టుకుని అడిగేశా. తిన్న ఇంటివాసాలు లెక్కపెట్టే రకానివి అన్నా. మా ఆవిడ బతికున్నప్పుడు వాడికి ఎన్నిసార్లు అన్నం పెట్టిందో కూడా అందరి ముందూ చెప్పా."

"వాడేమన్నాడు?"

"ఏమంటాడు? తల వంచుకుని నిలబడ్డాడు. తప్పు చేసినవాడికి నోరెక్కడిది?"

ఎవరు చేశారో విజిల్‌కి తెలుసు. అయినా తల వంచుకుని నిలబడ్డాడు. నేను ఊరుకుంటే ఆ మాట విజిల్ మీదే ఉండిపోతుంది. అన్నయ్యకి నేను మిగులుతాను, నాకు అన్నయ్య మిగులుతాడు. సాయంత్రాలు బాతుల కబుర్లు చెప్పుకోవచ్చు. ఇదంతా నేను ఆలోచించాను. ఆలోచించలేదని చెప్తే అది ఇంకో అబద్ధమవుతుంది.

"విజిల్ కాదు అన్నయ్యా. నేను."

ఆయన తల నావైపు తిప్పాడు. నేను ఎడమపక్క నిలబడి ఉన్నాను. బాగా తిప్పాల్సి వచ్చింది.

"నువ్వా?"

"నేనే వెళ్ళి చెప్పాను."

తిడితే బాగుండుననిపించింది. గ్లాసు విసిరేసినా బాగుండేది. లేచి, చొక్కా మళ్ళీ వేసుకున్నాడు. బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు.

"ఎక్కడికి?"

"వాడి దగ్గరికి," అన్నాడు.

ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు.

కంటి ఆసుపత్రికి మాత్రం ఇద్దరం వెళ్ళాం. తోడు రమ్మని డిపోవాళ్ళు నాకు కబురు చేశారు. డాక్టరు చిన్న వయసు పిల్ల. కాగితం మీద రెండు గుండ్రాలు గీసి, ఎడమ గుండ్రంలో నడుమ చిన్న చుక్క మాత్రం వదిలి మిగతాదంతా నల్లగా నింపింది. కుడి గుండ్రంలో ముక్కువైపు సగం నింపింది.

"దీన్ని నీటికాసులంటారు. నొప్పి ఉండదు, ఎర్రబడదు. అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది. పోయిన చూపు రాదు. మిగిలింది కాపాడుకోవచ్చు. పొద్దునా సాయంత్రం చుక్కలు వేసుకోవాలి. ఒక్కపూట కూడా మానకూడదు. ఇంకో ఆరునెలలు ఆలస్యమైతే ఇదీ ఉండేది కాదు." ఆ తర్వాత అడిగింది, "ఇంట్లో చుక్కలు ఎవరు వేస్తారు?"

అన్నయ్య గోడకేసి చూశాడు.

"నేను," అన్నాను.

మొదటి రెండు రోజులూ ఆయనే వేసుకోబోయాడు. సగం సీసా చెంపల మీదే ఖర్చయింది. మూడో రోజు పొద్దున నేను గదిలోకి వెళ్ళేసరికి కుర్చీని కిటికీ దగ్గరికి లాక్కుని, తల వెనక్కి వాల్చి కూర్చుని ఉన్నాడు. పిలవలేదు. సీసా కుర్చీ చేతి మీద పెట్టి ఉంది. నేను కింది రెప్ప లాగి ఒక కంట్లో, తర్వాత రెండో కంట్లో వేశాను. కళ్ళు మూసుకుని కాసేపు ఉండి, లేచి వెళ్ళిపోయాడు.

డిపోలో ఆయనకి వేరే పని ఇచ్చారు. బస్సుల్లో జనం మర్చిపోయిన సామాన్ల గది. గొడుగులు, టిఫిను డబ్బాలు, ఒంటి చెప్పులు. పొద్దున నడుచుకుంటూ పోయేవాడు, సాయంత్రం నడుచుకుంటూ వచ్చేవాడు. బైనాక్యులర్ మేకుకి వేలాడేది. మాస్టారు రెండుసార్లు వచ్చి పిలిచారు, వెళ్ళలేదు. విజిల్ ఆదివారాలు వచ్చి కూర్చునేవాడు. వాళ్ళిద్దరూ ముందు గదిలో మాట్లాడుకునేవారు. నేను లోపల గదిలో వినేదాన్ని.

"గ్యాసు అయిపోవచ్చింది" కూడా లేదు మా మధ్య. ఖాళీ సిలిండరు గుమ్మం దగ్గర పెడితే నేనే అర్థం చేసుకునేదాన్ని. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మాత్రం ఆయన తల నా చేతుల మధ్య ఉండేది. నుదురు వెచ్చగా ఉండేది. కనురెప్పల మీద తెల్ల వెంట్రుకలు రెండు ఉన్నాయని అప్పుడే చూశాను. ఆ కొద్దిసేపు నాకు ఎవరో ఉన్నట్టుండేది. ఆయన లేవగానే మళ్ళీ ఎవరూ లేరు.

ఆ చలికాలం అలా చలి లేకుండానే వెళ్ళిపోయింది. ఎండలు ముదిరాయి. కార్ఖానాలో పల్చటి చొక్కాలకి బొత్తాలు కుట్టే పనికి నన్ను మళ్ళీ పిలిచారు. ఆయన మాట మానేసి నెలన్నర దాటి ఉంటుంది. ఒక సాయంత్రం పని నుంచి ఆలస్యంగా వచ్చాను. కాళ్ళు కడుక్కుని, తుడుచుకోకుండానే ఆయన గదిలోకి వెళ్ళాను. ఎప్పట్లాగే తల వాల్చి కూర్చుని ఉన్నాడు. కుడి కంట్లో చుక్క వేశాను. ఎడమ కంట్లో వేశాను. ఏదో ధ్యాసలో సీసా మూత పెట్టబోతున్నాను.

"పడలేదు."

ఎవరు మాట్లాడారో ఒక క్షణం అర్థం కాలేదు. కిందికి చూశాను. చుక్క కంటి కొసన తగిలి, చెంప మీదుగా చెవి వైపు జారుతోంది. ఆయన కళ్ళు పైకప్పు మీదే ఉన్నాయి.

"పక్కకి పడింది," అన్నాడు. "ఇంకోటి వెయ్యి."

మోచేతిని కుర్చీ వీపుకి ఆనించుకున్నాను. కింది రెప్ప నెమ్మదిగా లాగి, ఇంకో చుక్క వేశాను. ఈసారి పడింది.